కాగితం మీద బతికిన ఖడ్గమృగం

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు కనుక నేను ఒక జంతువు చరిత్ర రాస్తున్నాను. సర్వీసంతా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి కావడం వల్ల కాబోలు, నా దృష్టి ఆ జంతువు కంటే దాని రికార్డు మీదకే ఎక్కువగా పోయింది.

ఆఫ్రికాలో నల్ల ఖడ్గమృగం అనే జాతి ఉన్నది. పేరుకే నలుపు, ఒళ్లు బూడిదరంగు. మన కజిరంగా మృగానికి కొమ్ము ఒకటే, దీనికి రెండు. ఇందులో పశ్చిమ ఉపజాతి ఒకప్పుడు కామెరూన్, చాద్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ మొదలైన దేశాల గడ్డిమైదానాల్లో తిరిగేది.

దాని చావుకు కారణం కొమ్ము. కొమ్ములో ఏమున్నదయ్యా అంటే మన గోళ్లలో ఉండే పదార్థమే. అయినా చైనా సంప్రదాయ వైద్యంలో జ్వరానికి మందుగా దానికి గిరాకీ. 1970లలో సౌదీ వెళ్లి నాలుగు డబ్బులు సంపాదించుకున్న యెమెన్ వాసులు నడుముకు పెట్టుకునే బాకుకు ఈ కొమ్ముతో పిడి చేయించుకోవడం హోదాగా భావించారు. 1970 ప్రాంతంలో ఖండం మొత్తం మీద సుమారు 65,000 ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1990ల మధ్యకు 2,500 లోపుకు పడిపోయాయి. అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం ఈ కొమ్ముల వ్యాపారం 1977 నుంచీ నిషిద్ధమే!

పశ్చిమ ఉపజాతి చివరకు కామెరూన్ ఉత్తర భాగంలో మాత్రమే మిగిలింది. 1997లో వేసిన అంచనా సుమారు పది. అవీ ఒక్కచోట లేవు. దూరదూరంగా చెదిరి ఉన్నాయి, మగదీ ఆడదీ ఎదురుపడటమే గగనం. వాటిని పట్టి ఒకచోట చేర్చి కాపలా పెట్టాలని నిపుణులు ప్రతిపాదించారు. పది జంతువులకు అంత ఖర్చా అన్న మీమాంస బయలుదేరింది. ఇటువంటి ఫైలు ఏ టేబుల్ మీద ఎన్నాళ్లు నిద్రపోతుందో మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు. ప్రతిపాదన అమలు కాలేదు.

ఇక అసలు విషయం. మృగం కనిపించకపోయినా అడుగుజాడలు కనిపించాయని రిపోర్టులు వస్తూనే ఉన్నాయి. మనం ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం కదా, ఆ జాడలే దాని లైఫ్ సర్టిఫికెట్టు. జాడలు వెతికేందుకు జీతానికి పెట్టుకున్న మనుషులలో కొందరు ఆ అడుగులను తామే కల్పించారని 2004లో బయటపడింది. మృగం లేదంటే ఉద్యోగం ఉండదని వారి భయం. చనిపోయినవాడి పేరు మస్టరు రోల్‌లో నడిపించడం లాంటిదే ఇది. తప్పు తప్పే. కానీ కొమ్ము కొన్నవాడినీ, ప్రతిపాదనను పక్కన పెట్టినవాడినీ వదిలేసి పొట్టకూటి కోసం అడుగులు దిద్దినవాణ్ణి ఒక్కణ్ణే దోషిగా నిలబెట్టడానికి నా మనసు ఒప్పదు.

2006 తొలి ఆరు నెలల్లో నిపుణులు ఆ అడవులను 2,500 కిలోమీటర్ల మేర కాలినడకన గాలించారు. మృగం లేదు, పేడ లేదు, జాడ లేదు. దొంగవేట ఆనవాళ్లు మాత్రం కావలసినన్ని దొరికాయి. జంతు ప్రదర్శనశాలల్లోనైనా ఈ ఉపజాతి ఒక్కటీ లేదు. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని అంతరించినట్లు ప్రకటించింది. చివరిది ఏ రోజున ఎవరి తూటాకు పడిందో ఏ రిజిస్టరులోనూ లేదు.

కాపలా గట్టిగా ఉన్న నమీబియా, దక్షిణాఫ్రికా, కెన్యా దేశాల్లో మిగతా ఉపజాతులు కోలుకొని ఇప్పుడు 6,000 దాటాయి. 2018లో దక్షిణాఫ్రికా నుంచి ఆరింటిని విమానంలో చాద్‌లోని జకూమా పార్కుకు తరలించారు. నాలుగు ఆ సంవత్సరమే చనిపోయాయి. ఈసారి వేటగాళ్లు కాదు, ఆ కొత్త నేలకు అవి అలవాటు పడలేకపోయాయి. 2023లో మరో ఐదింటిని పంపారు.