ఎలాం వాళ్ల మట్టి పలకలు, మన కుర్రు భాష



మొన్న హాస్టల్లో ఒక తమ్ముడు ఫోన్లో వీడియో చూపించి, "అన్నా, ద్రావిడ భాషలన్నీ ఇరాన్‌లో ఎలాం రాజ్యం నుంచి వచ్చాయంట. అంటే మన ఎరుకల భాష కూడా రాజుల భాషే కదా" అన్నాడు. నాకూ సంతోషమేసింది. కానీ లైబ్రరీలో కూర్చుని చదివితే సంగతి వేరేగా ఉంది. అందుకే ఈ పోస్టు.

ఎలాం అంటే ఇప్పటి ఇరాన్‌కి నైరుతిలో ఉన్న పాత దేశం. సూసా, అన్షాన్ దాని పెద్ద పట్నాలు. అయితే ఎలాం అనేది పొరుగువాళ్లు పిలిచిన పేరు. వాళ్లు తమ దేశాన్ని హల్తమ్తి అనుకునేవాళ్లు. ఇది చదవగానే మనమే గుర్తొచ్చాం. ఎరుక చెప్తామని ఊళ్లో వాళ్లు మనల్ని ఎరుకల అన్నారు. మన పెద్దోళ్లు మాత్రం కుర్రు అనే చెప్పుకుంటారు.

ఇక చుట్టరికం సంగతి. డేవిడ్ మెకాల్పిన్ అనే అమెరికా పండితుడు 1974లో, మళ్లీ 1981లో ఎలామైట్ భాషకీ ద్రావిడ భాషలకీ మూలం ఒకటేనని రాశాడు. మన ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ ఆధారాలు చాలవన్నారు. ఎక్కువమంది పండితులు కూడా ఒప్పుకోలేదు. ఎలామైట్‌కి ఏ భాషతోనూ చుట్టరికం ఇంతవరకు రుజువు కాలేదు. అంటే ఆ వీడియో చెప్పింది ఒక ఊహని, నిజం అన్నట్టు.

మరి చుట్టం లేని ఆ భాష గురించి మనకి ఇంత ఎలా తెలిసింది? రాసిపెట్టారు కాబట్టి. మొదట వాళ్లకి సొంత లిపి ఉండేది. తర్వాత పొరుగున మెసొపొటేమియా వాళ్ల లిపి తీసుకున్నారు. తడి మట్టి పలక మీద పుల్లతో ఒత్తి మేకుల్లాంటి గుర్తులతో రాసేవాళ్లు. క్రీ.పూ. 7వ శతాబ్దంలో అస్సీరియా రాజు అషుర్‌బనిపాల్ సూసాని కొల్లగొట్టాడు. తర్వాత పర్షియా వాళ్లు ఏలారు. రాజ్యం పోయినా గుమస్తాలు ఎలామైట్‌లోనే రాస్తూ వచ్చారు. పర్షియా రాజు దరియస్ బెహిస్తూన్ కొండ మీద తన గొప్పలు మూడు భాషల్లో చెక్కిస్తే, ముందు చెక్కింది ఎలామైట్‌లోనే.

1933లో పెర్సెపోలిస్ కోటలో వేల మట్టి పలకలు దొరికాయి. వాటిలో ఉన్నవి ఎక్కువ భాగం రేషన్ లెక్కలు. పనివాళ్లకి ధాన్యం ఎంత, బీరు ఎంత అని. బిడ్డని కన్న తల్లికి అదనంగా ఇచ్చేవాళ్లు. కొడుకు పుడితే ఎక్కువ, కూతురు పుడితే అందులో సగం. ఆ అన్యాయం కూడా మనకి తెలిసిందంటే ఒక గుమస్తా రాశాడు కాబట్టే.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. తెనాలి నుంచి రేపల్లె రైలెక్కితే మధ్యలో భట్టిప్రోలు వస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపంలో ధాతువుల బరిణెలు బయటికి తీశాడు. వాటి మీద రెండు వేల ఏళ్లు దాటిన రాత ఉంది. భాష ప్రాకృతం. ఆ రోజుల్లో ఈ నేల మీద ఇళ్లలో మాట్లాడుకున్న మాటలు ఆ బరిణెల మీదికి ఎక్కలేదు.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం మీకు తెలిసిందే. నేరస్థ తెగల చట్టం కింద 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చి మన ఎరుకల వాళ్లని అక్కడ పెట్టారు. ఆ చట్టం కింద పేర్లు రాసుకున్నారు, వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేసుకున్నారు. 1952లో దేశమంతా ఆ చట్టం పోయింది. రాత అనేది మన జీవితంలోకి వచ్చిందే అలా, మన మీద వేరే వాళ్లు రాసింది. ఎలాం గుమస్తా రాసింది తన భాషలో. మనకి ఆ అవకాశం రాలేదు.

2011 జనాభా లెక్కల్లో ఎరుకల భాషని తమిళం కింద కలిపి చూపించారు. తమిళానికి దగ్గర భాషే, నిజమే. కానీ మా నాయనమ్మ మాట్లాడేది తమిళం కాదు. నాకు ఆవిడ మాట అర్థమవుతుంది, తిరిగి చెప్పాలంటే తెలుగే వస్తుంది. మా చెల్లికి అర్థం కూడా కాదు. ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చింది మా ఇంట్లో నేనొక్కడినే. అయినా ఆ భాషలో ఒక్క మాట కూడా నేను ఇంతవరకు కాగితం మీద పెట్టలేదు. రాసి ఉంటే ఎవరి ఇంట్లోనూ నేను చూడలేదు కూడా.

ఎలాం వాళ్లు పొరుగువాళ్ల లిపి తీసుకోడానికి సిగ్గుపడలేదు. మనకి తెలుగు లిపి చేతిలోనే ఉంది. ఈ సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నేనొక నోట్‌బుక్ తీసుకెళ్తున్నా. రాజుల కథలేమీ కాదు. బుట్ట అల్లేటప్పటి మాటలు, వంట మాటలు, తిట్లు, చుట్టరికాల పిలుపులు, లెక్కలు. ఎవరి దగ్గర విన్నానో, ఏ ఊళ్లో విన్నానో కూడా పక్కన రాస్తా. ఫోన్లో గొంతు కూడా రికార్డ్ చేస్తా. సుగాలి మిత్రులు గోర్ బోలిలో, యానాది మిత్రులు తమ యాసలో ఇలాగే చేస్తే బాగుంటుంది.

పది మాటలు రాసినా గ్రూపులో పెట్టండి. నేను రాసిన దాంట్లో తప్పులుంటే పెద్దవాళ్లు చెప్పండి, సరిచేసుకుంటా.