గాదె నుంచి గ్రోసరీ యాప్ దాకా

"ఈ నెల కొత్తగా సరుకులు కొనం, ఇంట్లో ఉన్నవాటితోనే వంట" అని ఈమధ్య చాలామంది నియమం పెట్టుకుంటున్నారు. ఖర్చు తగ్గించే కొత్త ఉపాయంలా చెప్పుకుంటున్నాం గానీ, నిజానికి మన ఇళ్లలో వంట తరతరాలుగా అలాగే సాగింది.

పంట చేతికొచ్చాక ఏడాది తిండి ఒక్కసారే ఇంటికి చేరేది. వెదురుతో అల్లి పేడతో అలికిన గాదెల్లో వడ్లు పోసేవారు. జొన్న పండే మెట్ట ఊళ్లలో నేలలో పాతర తవ్వేవారు. పాతర మూత తీయగానే దిగితే లోపలి గాలికి ప్రాణమే పోతుంది కనుక, గాలి ఆడేదాకా ఆగి దిగేవారు. కొత్త చింతపండు కుండలకెక్కేది. ఎండాకాలమంతా వడియాలు, మామిడి ఒరుగులు, చల్ల మిరపకాయలు, ఆవకాయ. వానాకాలంలో కూర దొరక్కపోతే ఇవే కూరలు. 'ఇవాళ ఏం వండాలి?' అన్నదానికి 'ఇంట్లో ఏముంది?' అన్నదే జవాబు.

అయితే గాదె ఉన్నది పొలం ఉన్న ఇంటికే. కూలికి వెళ్లి సాయంత్రం గింజలు కొలిపించుకొచ్చే ఇల్లాలికి ఆ రాత్రి గడవడమే లెక్క. గట్ల మీద దొరికిన పొన్నగంటికూరే ఆమె కొట్టు.

ఈ జాగ్రత్త వెనక కరువుల భయం ఉంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు ప్రాంతాన్ని తుడిచిపెట్టింది. 1876-78లో ధాత కరువు రాయలసీమను పీల్చేసింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద విజయవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక డెల్టాలో వరి నిలదొక్కుకుంది. అయినా గింజ నేల పాలైతే ఏరి కళ్లకద్దుకునే అలవాటు పోలేదు.

ఏడాది లెక్క నెల లెక్కగా మారడం పట్టణాల్లో మొదలైంది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించాక అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. యుద్ధకాలంలో రేషన్ వచ్చింది. 1965లో లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట భోజనం మానమని దేశాన్ని కోరారు. అప్పట్లో అమెరికా నుంచి గోధుమలు దిగుమతి చేసుకునేవాళ్లం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం ఇచ్చింది. అది ఎన్నో పేద ఇళ్లలో పొయ్యి మీద అన్నం ఉడికేలా చేసింది. 1956లో మెట్రిక్ కొలతల చట్టం వచ్చాక సోల, తవ్వ, మానిక మెల్లగా వెనక్కిపోయి కిలోలు వచ్చాయి. జీతం రాగానే కిరాణా కొట్టుకు చీటీ పంపడం మా అమ్మ తరం పద్ధతి.

ఇప్పుడు ఆ నెల లెక్క కూడా పోయి పది నిమిషాల లెక్క వచ్చింది. జీలకర్ర కోసం ఫోన్ తెరిస్తే బిస్కెట్లు, చిప్స్ కూడా సంచిలో చేరతాయి. పాత జీలకర్ర ఏమో వెనక డబ్బాలో ఉండనే ఉంటుంది.

మా అబ్బాయి కాలేజీ ఫీజు కట్టాల్సిన నెలలో నేనూ రెండు వారాలు పాలు, పెరుగు, కూరగాయలు తప్ప ఏదీ కొనకుండా వండాను. ముందు కాగితం మీద అరల్లో ఉన్నదంతా రాశాను. మిగిలిపోయిన పెసలతో పెసరట్లు, బియ్యపు నూకతో ఉప్పుడు పిండి, అడుగున ఉన్న గుమ్మడి వడియాలతో మజ్జిగ పులుసు అయ్యాయి. రాత్రి అన్నం పొద్దున్నే పులిహోర. 9,000 అయ్యే సరుకుల ఖర్చు ఆ నెల 6,500కి దిగింది. అప్పు చేసి పప్పు కూడు తినే అవసరం రాలేదు.

డబ్బు కంటే నాకు ఎక్కువనిపించింది మరొకటి. బియ్యం ఎన్నాళ్లొస్తుందో మా అమ్మమ్మ కుండ తట్టి చెప్పేది. ఇంట్లో ఆమె మాటకు విలువ ఆ లెక్కతోనే వచ్చింది. అదే అమ్మమ్మ అందరికీ వడ్డించి, చివర మిగిలింది తినేది. లెక్క తప్పిన రోజు చారునీళ్లే ఆమె భోజనం. అందుకే పొదుపు అనగానే మనం ముందు మన కంచంలో కోత పెట్టుకుంటాం. అది మానేద్దాం.

వారానికోసారి అరలు తెరిచి, ఏముందో పిల్లల చేత, మగవాళ్ల చేత కూడా రాయించండి. చీటీ ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఇంట్లో ఏముందో అందరికీ తెలిస్తే వండే బాధ్యతా అందరిదవుతుంది. వండింది అందరం కూర్చుని ఒకే పంక్తిలో తిందాం.