బిడ్డలకై కట్టిన దీవి ఇల్లు

వేసవి సెలవులు వచ్చుసరికి పసిబిడ్డలను వెంటబెట్టుకొని ఎచ్చటికైన పోయి పది దినములుండి రావలెనను మాట చాల ఇండ్లలో వినవచ్చును. బిడ్డలతో ప్రయాణము మనకు క్రొత్త గాదు. తిరుమల కొండపై పుట్టువెంట్రుకలు ఇప్పించుట మొదలు గోదావరి పుష్కరముల వరకు పసివారు పెద్దల చంకనెక్కియో, వ్రేలు పట్టుకొనియో నడచినవారే. అయితే యాత్రలో బిడ్డ పెద్దల వెంట పోవును. మేమిప్పుడు చెప్పబోవునది వేరొక తీరు సెలవు. అందు పెద్దలే బిడ్డల నడకకు సరిగా తమ నడక తగ్గించుకొందురు. ఏటేట ఒక్క చోటికే పోవుదురు. చూడవలసినవాని జాబితా వెంట తీసికొనిపోరు. ఈ యాచారము స్థిరరూపము పొందిన చోట్లలో ఇంగ్లండు దక్షిణమున నున్న వైట్ దీవి ముఖ్యమైనది.

ఆ దీవికిని ప్రధాన భూభాగమునకును నడుమ సోలెంట్ అను సన్నని జలసంధి కలదు. దీవి వైశాల్యము సుమారు 380 చదరపు కిలోమీటర్లు. తూర్పు కొసనుండి పడమటి కొసకు 37 కిలోమీటర్లకు మించదు. ఒడ్డున నిలిచినచో ఆవలి ఒడ్డు కనబడుచునే యుండును. అయినను పడవ యెక్కక చేరరాని చోటగుటచే, దిగినవారికి ఊరి వ్యవహారములన్నియు వెనుక విడిచి వచ్చినట్లుండును.

ఆ సన్నని నీరే ఒకప్పుడు బిడ్డలకు చెరసాల గోడయైనది. పార్లమెంటుతో పోరాడి ఓడిన మొదటి చార్లెస్ రాజు 1647 నవంబరులో ఈ దీవికి పారివచ్చి, కారిస్‌బ్రూక్ కోటలో బందీ యయ్యెను. 1649 జనవరి 30న లండనులో అతని శిరచ్ఛేదము జరిగినది. మరుసటి సంవత్సరము ఆగస్టులో అతని కుమార్తె ఎలిజబెత్తును, కుమారుడు హెన్రీని అదే కోటకు కొనివచ్చిరి. ఆమెకు పదునాలుగేండ్లు, అతనికి పది. తండ్రి బందీగా నున్నప్పుడు ఆయన వినోదార్థమై కోట ఆవరణలో బంతులాట కొక పచ్చిక బయలు ఏర్పరచి యుండిరి. బిడ్డ లిరువురును అచ్చట ఆడుచుండగా వాన కురిసి ఎలిజబెత్తుకు జలుబు చేసి జ్వరము తగిలినదని చెప్పుదురు. నెల తిరుగకమునుపే, 1650 సెప్టెంబరు 8న, ఆమె కన్నుమూసెను. తమ్ముడు ఆ తరువాత రెండేండ్లకు పైగా అక్కడనే యుండెను. న్యూపోర్టు పట్టణపు చర్చిలో ఆమెకు పాలరాతి స్మారకమును 1856లో పెట్టించినది విక్టోరియా రాణి. అప్పటికి రాణి బిడ్డలు అదే దీవిలో, ఆ కోటకు కొద్ది మైళ్ల దూరములో, ఆడుకొనుచుండిరి.

సముద్రతీరమునకు పోవుట మొదట ఆటకై కాదు, ఆరోగ్యమునకై. పదునెనిమిదవ శతాబ్ది నడుమ రిచర్డ్ రస్సెల్ అను వైద్యుడు ఉప్పునీటి స్నానమును, దానిని త్రాగుటను కూడ రోగులకు విధించి పేరు గడించెను. బ్రైటన్ వంటి పల్లెకారుల ఊళ్లు ధనికుల నగరములైనవి. అట్టి చోట్ల బిడ్డల కేమి తోచునో అడిగినవారు తక్కువ. విక్టోరియా బాల్యములో 1831లోను 1833లోను తల్లితో వైట్ దీవిలోని నోరిస్ కోటలో విడిది చేసెను. రాణియైన పిదప బ్రైటన్‌లో పెదతండ్రి నిర్మించిన వింత మహలు ఆమెకు దక్కినను అది రుచింపలేదు. చుట్టును ఇండ్లు లేచి సముద్రము సరిగా కానరాదయ్యెను. వీథిలోనికి వచ్చినచో జనము వెంటబడి మూగుచుండిరి. నలుగురు బిడ్డల తల్లి, పెద్దదానికి ఇంకను అయిదేండ్లు నిండలేదు. ఆమె మనసు చిన్ననాటి దీవిపైకి పోయినది.

1845లో రాణియు, ఆమె భర్త ఆల్బర్టును దీవి ఉత్తరపు ఒడ్డున ఆస్‌బోర్న్ అను ఎస్టేటును కొనిరి. ఇది రాజ్యమునకు చెందిన మహలు గాక వారి సొంత ఇల్లు కావలెనని వారి పట్టుదల. పాత భవనము చాలదని తోచి, థామస్ క్యూబిట్ అను ప్రసిద్ధ నిర్మాతతో క్రొత్తదానిని కట్టించిరి. అచ్చటి సముద్ర దృశ్యము ఆల్బర్టుకు నేపుల్స్ అఖాతమును తలపించెనట; అందుచే ఇంటికి ఇటలీ వాస్తురీతి వచ్చినది. 1846లో కుటుంబము ప్రవేశించినది. పని మొత్తము 1851కి ముగిసినది. మా దృష్టిలో గోపురములకంటె గమనింపదగినది గదుల అమరిక. శిశువుల గదులు రాణి గదులకు సరిగా పైయంతస్తులో నుండెను. ఆనాటి గొప్పయిండ్లలో పసివారిని కంటికి, చెవికి దూరముగ నుంచుట మర్యాదగా చెల్లుచుండగా, ఇచ్చట తల్లి ఒక్క మెట్లవరుస ఎక్కి బిడ్డలను చూచి రాగలిగెడిది.

బిడ్డలు తొమ్మండుగురైరి. పెద్దది 1840లో, కడగొట్టుది 1857లో జన్మించినది. వసంతములో కొన్నాళ్లు, ఎండకాలములో కొన్ని వారములు, క్రిస్మసుకు ముందు మరికొన్నాళ్లు ఆ యింటనే. ఏటికేడు అదే బాట, అదే తోట, అదే యొడ్డు. తోటలో ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క మడి కేటాయించిరి. కూరగాయలు, పండ్లు, పువ్వులు తామే నాటి, నీరు పోసి పెంచవలెను. పొట్టి పారలు, దంతెలు, ఒంటిచక్రపు తోపుడుబండ్లు చేయించి, వానిపై ఎవరి పేరి అక్షరములు వారికి వ్రాయించిరి. కూర చేతికి వచ్చినపుడు తండ్రి దానిని అంగడి ధరకు కొనెడివాడు. తోటమాలి సరియని ఒప్పుకొన్న పనికే సొమ్ము ముట్టెడిది. గింజ నాటిన మరునాడే మొలక రాదని పసివానికి మాటలతో చెప్పి లాభము లేదు. మడి దగ్గర రోజుకు రెండుమార్లు కూర్చుండనిచ్చినచో వాడే తెలిసికొనును. అందులకు ఒక్కచోట వారముల తరబడి ఉండుటయే మార్గము.

1853–54 సంవత్సరములలో తోటప్రక్కన స్విట్జర్లాండు పల్లెయింటి తీరున కొయ్యతో ఒక ఇల్లు లేచినది. దానిలోని వంటగదిలో పొయ్యియు, బల్లలును బిడ్డల యెత్తునకు తగినట్లు అమర్చిరి. రాచకూతుండ్రు చేతులకు పిండి యంటించుకొని రొట్టెలు, అప్పములు చేసి తల్లిదండ్రులను విందుకు పిలిచెడివారు. గవ్వలు, రాళ్లు, పక్షులు మొదలగునవి చేర్చి ఒక చిన్న ప్రదర్శనశాల కూడ పెట్టుకొనిరి. మన బాలికల బొమ్మరిండ్లలో లక్కపిడతల వంటకు ఆవిరి రాదు. అచ్చట నిజమైన మంట యుండెను.

ఇక సముద్రము. చక్రములపై నడచు చిన్న కొయ్యగదిలో కూర్చుండి రాణి 1847 జూలై 30న జీవితములో మొదటిసారి సముద్రస్నానము చేసెను. తల నీట ముంచువరకు బాగుండెననియు, ముంచగానే ఊపిరి ఆడలేదనియు తన దినచర్యలో వ్రాసికొన్నది. బిడ్డలకు ఆ బెదురు లేకుండ ఆల్బర్టు మరియొక ఏర్పాటు చేసెను. ఒడ్డుకు కొంత దూరములో రెండు పడవలవంటి తేలుదిమ్మెల నడుమ కొయ్యకమ్ముల అడుగును వ్రేలాడదీసి, లోతును ఎక్కువ తక్కువలుగా మార్చుటకు వీలు కల్పించిరి. ఈత రానివానికి మోకాటి లోతు; వచ్చినకొలది అడుగు క్రిందికి జారును.

ఆటలన్నియు శాంతమైనవని తలపరాదు. తోటలో చిన్న మట్టికోటయు, దానిలో ఇటుకలతో సైనికుల బసయు కట్టిరి. ఆ బస 1860 నాటిది. దానిలో ఆడుకొన్న ఆర్థర్ పెద్దవాడై ఫీల్డుమార్షలు పదవి పొందెను. 1886 మొదలు 1890 వరకు బొంబాయి సైన్యమునకు అధిపతిగా మన దేశములోనే యుండెను. అతడు మరలిపోయిన కొలదికాలమునకే ఆస్‌బోర్న్‌లో దర్బారు గది వెలసినది. దాని గోడలను, కప్పును తీర్చిదిద్దినవాడు లాహోరు మేయో శిల్పపాఠశాలనుండి వచ్చిన భాయి రామ్‌సింగ్. బిడ్డలకై కట్టిన ఇంటిలో సామ్రాజ్యమునకును ఒక గది కావలసివచ్చినది. శిల్పమును మెచ్చుకొనవచ్చును గాని, మా కది ఆ కొయ్యయింటి వంటగది ముందర ఆనదు.

ఈ తీరిక ఎవరి శ్రమమీద నిలిచినదో కూడ చెప్పక తప్పదు. రాణియే పూర్తిగ తీరికగా లేదు. దస్తావేజుల పెట్టెలు పడవలపై వచ్చుచునే యుండెను. దాదులు, వంటవారు, తోటమాలులు, పడవవారు, చాకలివారు ఉండబట్టియే దొరబిడ్డల నడక నెమ్మదిగా సాగినది. ఆస్‌బోర్న్ కొనుటకు మూడేండ్ల ముందు, 1842లో గాని, పదేండ్లలోపు మగపిల్లలు బొగ్గుగనులలోనికి దిగరాదను చట్టము ఇంగ్లండులో రాలేదు. పనిని ఆటగా నేర్చుకొన్న ఆ తొమ్మండుగురి ఈడువారు వేలమంది పనినే తప్ప ఆటను ఎరుగరు.

రాణిని చూచి ఇతరులు దీవికి రాసాగిరి. 1849లో చార్లెస్ డికెన్స్ కుటుంబముతో బాంచర్చి గ్రామములో విడిసెను. మొదట చోటు స్వర్గమని సంబరపడి, కొన్ని వారములకే అచ్చటి గాలి తన్ను నీరసపరచుచున్నదని విసుగుకొని, మకాము ఎత్తి మరియొక తీరమునకు పోయెను. నెమ్మదితనము అందరి ఒంటికి పడదు! టెన్నిసన్ కవి 1853లో పసిబిడ్డతో పడమటి కొసన ఫ్రెష్‌వాటర్‌లో కాపురము పెట్టి, పిదప ఆ యిల్లు కొనెను. ఆయనను చూడవచ్చినవారి తాకిడి పెరిగి, కడకు వేసవులలో తానే ఇల్లు విడిచి వేరొకచోట తలదాచుకొనవలసివచ్చినది.

జనులు వచ్చుటకు దారి పరచినది రైలు. దీవిలో 1862లో కౌస్ నుండి న్యూపోర్టుకు, 1864లో రైడ్ నుండి షాంక్లిన్‌కు బండ్లు నడచినవి. అయితే బండి యుండిన చాలునా? కూలివానికి సెలవు కావలెను. 1871 చట్టము బ్యాంకు సెలవులు ఏర్పరచినది. అవి ఒక్కొక్క దినపువి. జీతము కోతపడని వారపు సెలవునకు 1938 చట్టము వరకు వేచియుండవలసివచ్చినది. ఆస్‌బోర్న్ తోటలో మొదటి మడి త్రవ్విన తరువాత సుమారు తొంబదేండ్లకు గాని గని కార్మికుని బిడ్డకు ఇసుకలో ఒక వారము దక్కలేదు. తీరా ఆ భాగ్యము కలిగిన కొలదికాలమునకే మోటారు కార్లు పెరిగి, 1966లో దీవి రైళ్లు చాల భాగము మూతబడినవి. రైడ్ నుండి షాంక్లిన్ వరకు గల చిన్న దారి నేటికిని నడచుచున్నది. రైడ్‌లోని సొరంగము ఎత్తు తక్కువగుటచే, లండను భూగర్భమున తిరిగిన పొట్టి బండ్లనే తెచ్చి దానిపై నడిపిరి.

ఆస్‌బోర్న్ కథలో విషాదము 1861 డిసెంబరు 14న వచ్చినది. ఆల్బర్టు విండ్సరులో మరణించెను. కడగొట్టు బిడ్డ బియాట్రిస్‌కు అప్పటికి నాలుగేండ్లు. రాణి నల్లని దుస్తులతో దీవికి వచ్చెను. అటుపిమ్మట నలువదేండ్లు ఆ యింట మాట పెగలని నిశ్శబ్దమే ఎక్కువ. 1901 జనవరి 22న ఆమె అక్కడనే తుదిశ్వాస విడిచెను. ఇంటిని కుటుంబముననే నిలుపవలెనని ఆమె కోరిక. కాని ఆమె పెద్దకుమారుడు ఏడవ ఎడ్వర్డు, ఆ మడులలోనే కూరగాయలు పండించి తండ్రికి అమ్మినవాడు, 1902లో ఇంటిని జాతికి ఇచ్చివేసెను. తోబుట్టువులలో చాలమందికి దానిని నిలుపుకొను కోరిక లేకపోయెను. బియాట్రిస్ సమీపమున మరియొక ఇంటితో తృప్తి పడెను.

1903 నుండి 1921 వరకు ఆ యావరణలో నౌకాదళపు బాలుర కళాశాల నడచినది. గంట కొట్టగానే లేచుట, గంట కొట్టగానే తినుట. ఎడ్వర్డు మనుమలు ఇరువురు అచ్చట చదివి తరువాత రాజులైరి. రాణి సొంత గదులు 1954లోను, స్నానములు చేసిన ఒడ్డు 2012లోను సామాన్య ప్రజలకు తెరచిరి. ఇప్పుడు వేసవిలో ఆ ఒడ్డున ఎవరి బిడ్డలైనను ఇసుకలో గోతులు త్రవ్వుకొనవచ్చును. కొయ్యయింటి ప్రక్కన పూరిపాకలో చిన్న తోపుడుబండ్లు వరుసగా నిలిపి యున్నవి. ఏ బండి ఏ బిడ్డదో తెలుపు అక్షరములు వానిపై నేటికిని చదువవచ్చును.