మన ఏటి మొసలి: కావేరి, దక్షిణ పినాకిని తీరాల్లో తెలుసుకోవాల్సిన సంగతులు

సెలవులు వస్తే హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుంచి చాలా కుటుంబాలు హొగెనకల్‌కు వెళ్తాయి. కొందరు సాతనూరు డ్యాం దాకా పోయి వస్తారు. ఈ రెండు చోట్లా మొసళ్ల కేంద్రాలున్నాయి. అక్కడ కంచె అవతల కదలకుండా పడుకున్న మొసలిని చూసి పిల్లలు "ఇది బొమ్మా, నిజమా?" అని అడుగుతుంటారు. అదే జాతి మొసలి కంచె లేని కావేరిలో కూడా ఉంటుంది. అందుకే ఈ వ్యాసం.

ఇది అలిగేటరా, మొసలా?

ఇంగ్లీషు సినిమాలు, కార్టూన్లు చూసే పిల్లలు ప్రతి మొసలినీ అలిగేటర్ అనేస్తారు. నిజానికి మన దేశపు నదుల్లో అలిగేటర్లు లేవు. ప్రపంచంలో అవి రెండే రకాలు. ఒకటి అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో, రెండోది చైనాలో యాంగ్జీ నది దిగువ ప్రాంతంలో ఉంటాయి. గుర్తుపట్టే తేడా ఒకటి చెప్తాం. మొసలి నోరు మూసుకున్నా కింది దవడలోని నాలుగో పన్ను బయటికి కనిపిస్తుంది. అలిగేటర్‌కు అది పైదవడ లోపల దాక్కుంటుంది.

మన దేశంలో మూడు రకాలున్నాయి. చంబల్ వంటి ఉత్తరాది నదుల్లో సన్నటి పొడుగు మూతి ఉన్న ఘరియాల్. భితర్కనిక, సుందరబన్స్, అండమాన్ వైపు ఉప్పునీటి మొసలి. చెరువుల్లో, నదుల్లో, డ్యాముల్లో ఉండే మంచినీటి మొసలి మూడోది. దాని పేరు మగ్గర్. మకరం అనే సంస్కృత మాట నుంచే ఆ పేరు వచ్చింది. పక్కింటివాళ్లు తమిళంలో ముదలై అంటారు, కన్నడంలో మొసళె అంటారు. మన వైపు కనిపించేది ఈ మగ్గరే. దాని మూతి వెడల్పుగా ఉంటుంది కాబట్టే చాలామంది అలిగేటర్ అని పొరబడతారు. బాగా ఎదిగిన మగది 4 మీటర్లు దాటవచ్చు.

మన చుట్టుపక్కల ఎక్కడ?

కావేరి కర్ణాటక నుంచి వస్తూ కొంత దూరం రెండు రాష్ట్రాలకు సరిహద్దుగా పారుతుంది. డెంకణికోట, అంచెట్టి దాటి అడవిలోకి పోతే ఆ నది తగులుతుంది. రాతి గుండాలు, లోతైన మడుగులు, ఇసుక మేటలు ఉన్న ఈ భాగం మొసలికి సరిగ్గా సరిపోయే చోటు. తమిళనాడు ప్రభుత్వం 2014లో ఇక్కడ కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించింది. 2022లో కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో 686 చదరపు కిలోమీటర్లకు పైగా అడవిని కావేరి దక్షిణ అభయారణ్యంగా ప్రకటించింది. అక్కడ కాపాడాల్సిన జీవాల్లో నీటికుక్క, నాలుగు కొమ్ముల జింక, మెత్తటి చిప్ప తాబేలుతో పాటు మగ్గర్ కూడా ఉంది. నదికి అవతలి ఒడ్డున కర్ణాటక వాళ్ల కావేరి అభయారణ్యం 1987 నుంచే ఉంది.

మన హోసూరు పక్కనుంచి పారే దక్షిణ పినాకినిని ఇక్కడ తెన్‌పెన్నై అంటాం. నంది కొండల్లో పుట్టి, కెలవరపల్లి డ్యాం, కృష్ణగిరి డ్యాం దాటి సాతనూరుకు పోతుంది. సాతనూరు డ్యాం దగ్గర అటవీశాఖ మొసళ్ల కేంద్రం ఉంది.

ఊళ్లకు దగ్గరగా మొసళ్లు ఉండటం వింతేమీ కాదు. హైదరాబాదుకు తాగునీరు ఇచ్చే మంజీర నదిపై, సంగారెడ్డి దగ్గర 1978లో ఏర్పడిన అభయారణ్యం మొసళ్లకు పేరుపొందింది. హైదరాబాదు నగరంలోనే మూసీలో మొసలి కనిపించిందన్న వార్త అప్పుడప్పుడు వస్తుంది. గుజరాత్‌లోని వడోదర నగరం మధ్యలో పారే విశ్వామిత్రి నదిలో వందల మగ్గర్లు ఉన్నాయి. 2024 ఆగస్టు వరదలకు అవి వీధుల్లోకి వస్తే పట్టుకుని మళ్లీ వదలాల్సి వచ్చింది.

ఒకప్పుడు కనిపించకుండా పోయాయి

తోలు కోసం వేటాడటం, గుడ్లు తీసుకుపోవడం, వలల్లో చిక్కుకోవడం వల్ల 1970ల నాటికి మన దేశంలో మొసళ్లు బాగా తగ్గిపోయాయి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1975లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో కేంద్ర ప్రభుత్వం మొసళ్ల సంరక్షణ పథకం మొదలుపెట్టింది. నది ఒడ్డున గుడ్లు సేకరించడం, పొదిగించడం, పిల్లల్ని కాస్త పెద్దయ్యేదాకా పెంచి తిరిగి నీటిలో వదలడం ఆ పథకం పద్ధతి. 1976లో చెన్నై, మహాబలిపురం మధ్య రోములస్ విటేకర్, జై విటేకర్ మద్రాసు మొసళ్ల బ్యాంకు స్థాపించారు.

చట్టం ప్రకారం మగ్గర్ మొదటి షెడ్యూలులో ఉంది. చంపినా, పట్టినా, గుడ్లు తీసినా 3 నుంచి 7 ఏళ్ల దాకా జైలు, దానితో పాటు జరిమానా కూడా.

మొసలి ఎలా బతుకుతుంది?

మొసలి ఒంటికి సొంత వేడి ఉండదు. ఎండలో పడుకుని వేడెక్కుతుంది, ఎక్కువైతే నీటిలోకి జారుతుంది. నోరు తెరుచుకుని పడుకుంటే కోపంగా ఉందని కాదు, ఒళ్లు చల్లబరచుకుంటోందని అర్థం. చేపలు, కప్పలు, పక్షులు, చిన్న జంతువులు, చచ్చిన పశువులు దాని తిండి. నదిలో పారిశుధ్యం పని చేసే జీవాల్లో అదీ ఒకటి.

ఎండాకాలం మొదట్లో ఆడ మొసలి ఒడ్డున గుంత తవ్వి 25, 30 గుడ్లు పెడుతుంది. సుమారు రెండు నెలలకు పిల్లలు లోపలి నుంచే అరుస్తాయి. తల్లి మట్టి తవ్వి, పిల్లల్ని నోట్లో పెట్టుకుని నీటికి మోస్తుంది. విద్యార్థులకు ఒక వింత: పిల్ల ఆడదా మగదా అన్నది గూటి వేడిమీద ఆధారపడుతుంది. సుమారు 32.5 డిగ్రీల దగ్గర మగవి ఎక్కువగా పుడతాయి, 31 డిగ్రీలకు తగ్గితే ఆడవే.

దానికి తెలివి కూడా తక్కువేమీ కాదు. పక్షులు గూళ్లకు పుల్లలు ఏరుకునే కాలంలో కొన్ని మగ్గర్లు మూతిమీద పుల్లలు పెట్టుకుని కదలకుండా ఉండటాన్ని మద్రాసు మొసళ్ల బ్యాంకులో పరిశోధకులు గమనించారు. పుల్ల కోసం వచ్చిన కొంగ దానికి దొరికిపోతుంది.

మండు వేసవిలో నీరు ఎండితే గట్టులో బొరియ తవ్వుకుని అందులో ఉంటుంది. అదీ కుదరకపోతే రాత్రిపూట నడిచి వేరే నీటికి పోతుంది. వరద కాలంలో ప్రవాహంతో పాటు కొత్త చోట్లకు చేరుతుంది. అందుకే "ఈ చెరువులో ఎప్పుడూ చూడలేదు" అన్న మాట మీద పూర్తిగా ఆధారపడకూడదు.

దాని బలమంతా నీటి అంచున

స్థానబలం గురించి వేమన చెప్పిన పద్యంలో మొసలే ఉదాహరణ. పోతన గజేంద్రమోక్షంలోనూ ఏనుగు చిక్కింది మడుగులోనే. మన పెద్దలు చెప్పిన ఈ సంగతి నిజమే. ఒడ్డుమీద మొసలి ఎక్కువ దూరం తరమలేదు. నీటి అంచున మాత్రం కళ్లు, ముక్కు రంధ్రాలు తప్ప ఏమీ కనిపించకుండా గంటలకొద్దీ వేచి ఉండగలదు. మనుషులకు ప్రమాదం ఎక్కువగా మోకాలి లోతు నీటిలో, బట్టలు ఉతికేచోట, వల వేసేచోట, పశువులు దిగే రేవుల్లో, అదీ చీకటి పడే వేళ. కాబట్టి ఆ అంచు దగ్గర జాగ్రత్తగా ఉంటే చాలావరకు ప్రమాదం తప్పినట్టే.

కుటుంబాలకు సూచనలు

1. హొగెనకల్‌లో అనుమతించిన చోటే స్నానం చేయండి. బోర్డు పెట్టిన చోట, ఎవరూ లేని మడుగులో దిగవద్దు.

2. పుట్టిలో, అంటే పరిసల్‌లో పోయేటప్పుడు లైఫ్ జాకెట్ తప్పక వేసుకోవాలి. పిల్లలు నీటిలో చేతులు వేలాడేయకూడదు.

3. అక్కడ చేపల వేపుడు తినడం అందరికీ సరదా. మిగిలిన ముక్కలు, చేపల వ్యర్థాలు నీటిలో వేయకండి. ఆహారం దొరికే చోటికి మొసలి అలవాటు పడుతుంది.

4. సాయంత్రం చీకటి పడ్డాక, తెల్లవారకముందు నీటి అంచుకు పోవద్దు. నీళ్లు తెచ్చే పని పిల్లలకు చెప్పవద్దు.

5. ఇసుకలో పొట్ట ఈడ్చిన జాడ, దాని పక్కన కాళ్ల గుర్తులు కనిపిస్తే వెంటనే వెనక్కి రండి. మార్చి నుంచి జూన్ దాకా ఒడ్డున తవ్విన గుంతల దగ్గరికి అసలు వెళ్లవద్దు, తల్లి కాపలా కాస్తుంటుంది.

6. కేంద్రంలో పడుకున్న మొసలిమీద రాళ్లు, సీసాలు వేయకండి. అది కదలట్లేదంటే నిద్రపోతోందని కాదు.

7. ఊరి చెరువులో, పొలం బావిలో మొసలి కనిపిస్తే గుంపు కట్టకండి, తాళ్లు వేయకండి, సెల్ఫీలకు దగ్గరికి పోకండి. పశువుల్ని దూరంగా తోలి, అటవీశాఖకు గానీ 112కు గానీ ఫోను చేయండి. వాళ్లు వచ్చేదాకా దూరం నుంచి గమనిస్తే చాలు.

విద్యార్థులూ, ఈ వ్యాసాన్ని ఇంట్లో అవ్వకూ తాతకూ చదివి వినిపించండి. వాళ్ల చిన్నప్పుడు ఏ వంకలో, ఏ మడుగులో మొసలి ఉండేదో అడిగి, ఊరి పేరుతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి. ఈ వేసవిలో నదికి పోయేముందు ఆ ఏడు సూచనలూ ఇంట్లో అందరూ ఒకసారి చదవండి.