ముడుతల బఠాణీ విప్పిన బీజరహస్యం

చరకసంహిత శారీరస్థానంలో గర్భోత్పత్తిని నిరూపించే సందర్భంలో ఒక ప్రసిద్ధ సంవాదం కనిపిస్తుంది. ఆత్రేయ మహర్షి ప్రతిపాదించిన సిద్ధాంతాన్ని భరద్వాజుడు ఆక్షేపిస్తాడు. మనుష్యుని నుండి మనుష్యుడే జన్మించడానికి తల్లిదండ్రులు మనుష్యులు కావడమే హేతువైతే, అంధులకు, మూగవారికి, కుబ్జులకు కలిగిన సంతానం వారిని పోలి ఉండకపోవడానికి కారణమేమిటని ఆయన ప్రశ్న. దానికి ఆత్రేయుడు ఇచ్చిన సమాధానం సూక్ష్మమైనది. బీజంలో ఏ అవయవానికి కారణభూతమైన భాగం దుష్టి చెందుతుందో ఆ అవయవమే వికృతి పొందుతుంది. ఆ భాగం దుష్టి చెందనప్పుడు వికృతి కలుగదు. అనగా తల్లిదండ్రుల దేహంలో కనిపించే లోపం వేరు, బీజంలోని లోపం వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండవది ఉండితీరవలసిన నియమం లేదు.

ఈ సంవాదాన్ని చూపి ప్రాచీనులకు ఆధునిక జన్యుశాస్త్రమంతా విదితమేనని చెప్పడం సత్యానికీ, చరకునికీ కూడా న్యాయం చేయదు. బీజభాగమనేది ఆ మహనీయుల యుక్తికి గోచరించిన తత్త్వం. ఆ భాగాలు ఎన్ని, ఏ నియమంతో తరతరాలకు సంక్రమిస్తాయి, ఒక తరంలో అదృశ్యమైన లక్షణం మరొక తరంలో ఎలా పునఃప్రత్యక్షమవుతుంది అనే ప్రశ్నలకు సమాధానం గణనతో కూడిన ప్రయోగం వల్లనే సిద్ధించవలసి ఉంది. అది సిద్ధించిన స్థలం మధ్య ఐరోపాలోని బ్రనో నగరంలో ఒక క్రైస్తవ సన్న్యాసుల మఠం. సాధనం ఒక బఠాణీ గింజ.

పందొమ్మిదవ శతాబ్ది పండితులలో అధికులు సంతానలక్షణాలను మిశ్రమంగా భావించారు. పాలలో నీరు కలిసినట్లు తల్లి గుణం, తండ్రి గుణం ఏకమై మధ్యస్థమైన రూపం ఏర్పడుతుందని వారి అభిప్రాయం. ఈ వాదంలో ఒక గహనమైన దోషం ఉంది. ప్రతి తరంలోనూ గుణాలు కలిసిపోతూ ఉంటే కొన్ని తరాలకు భేదాలన్నీ సమసిపోయి జీవులన్నీ ఏకరూపం పొందవలసి వస్తుంది. లోకంలో అట్లు జరగడం లేదు. తాత పోలిక తండ్రిలో కనిపించకపోయినా మనుమనిలో యథాతథంగా కనిపించడం అందరికీ తెలిసిన విషయమే. కలిసిపోయినది మళ్లీ విడివడి రావడం ఎలా సాధ్యం?

ఈ చిక్కును విప్పిన గ్రెగర్ మెండెల్ 1822 జూలైలో, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యంలోని ఒక చిన్న గ్రామంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఆయన విద్య కొనసాగడానికి చెల్లెలు తన వివాహం కోసం ఉంచిన ధనంలో కొంత భాగాన్ని ఇచ్చివేసింది. దారిద్ర్యపీడ లేకుండా విద్యాభ్యాసం సాగించే మార్గం కోసం 1843లో ఆయన బ్రనోలోని సెయింట్ థామస్ మఠంలో చేరాడు. ఉపాధ్యాయ అర్హత కోసం 1850లో రాసిన పరీక్షలో ఉత్తీర్ణుడు కాలేదు. మఠాధిపతి సిరిల్ నాప్ ఆయనను నిరాదరించక, వియన్నా విశ్వవిద్యాలయానికి పంపాడు. అక్కడ 1851 నుండి 1853 వరకు భౌతికశాస్త్రం, గణితం, వృక్షశాస్త్రం అభ్యసించాడు. ఆ గణితశిక్షణయే తరువాతి తపస్సుకు పునాది అయింది.

మఠానికి తిరిగి వచ్చిన మెండెల్ 34 రకాల బఠాణీలను సేకరించి, రెండేళ్లు పరీక్షించి, తరం మారినా లక్షణం మారని 22 రకాలను స్వీకరించాడు. 1856 నుండి 1863 వరకు దాదాపు 28,000 మొక్కలను పరిశీలించాడు. బఠాణీ పువ్వు స్వపరాగ సంపర్కం చేసుకొనేది. కాబట్టి పువ్వు విచ్చకముందే కేసరాలను తొలగించి, మరొక మొక్క పుప్పొడిని స్వయంగా అద్ది, ఇతర పరాగం సోకకుండా పువ్వుకు సంచి కట్టవలసి వచ్చేది. గింజ ఆకారం, గింజ రంగు, మొక్క ఎత్తు వంటి ఏడు లక్షణాలను ఎన్నుకొని, ఒక్కొక్కదానిని విడివిడిగా గణించాడు. పూర్వులు మొక్కను సమగ్రంగా చూసి వర్ణించారు. మెండెల్ ఒక్క లక్షణాన్ని పట్టుకొని లెక్కించాడు. ఈ భేదంలోనే ఆయన విజయం ఇమిడి ఉంది.

గుండ్రని గింజల రకాన్ని ముడుతల గింజల రకంతో సంకరం చేయగా, మొదటి తరంలో వచ్చిన గింజలన్నీ గుండ్రనివే. ముడుత నశించినట్లే కనిపించింది. ఆ గింజలను నాటి, వాటిని స్వపరాగ సంపర్కానికి వదలగా, రెండవ తరంలో 5,474 గుండ్రని గింజలు, 1,850 ముడుతల గింజలు లభించాయి. నిష్పత్తి సుమారుగా మూడుకు ఒకటి. తిరిగి వచ్చిన ముడుత ఏమాత్రం పలచబడలేదు. పితామహుని ముడుత ఎట్లుండెనో అట్లే ఉంది. మెండెల్ అంతటితో ఆగలేదు. రెండవ తరపు గుండ్రని గింజల నుండి 565 మొక్కలు పెంచి చూడగా, 193 మాత్రమే కేవలం గుండ్రని గింజలనిచ్చాయి. 372 మొక్కలు రెండు విధాల గింజలనూ ఇచ్చాయి. కంటికి ఒకే విధంగా కనిపించే గుండ్రని గింజలలో దాదాపు మూడింట రెండు వంతులు తమలో ముడుతను నిగూఢంగా ధరించి ఉన్నాయన్నమాట.

దీని నుండి ఆయన గ్రహించిన నియమం సరళమైనది. ప్రతి లక్షణానికీ జీవిలో రెండు కారకాలుంటాయి: ఒకటి తల్లి నుండి, ఒకటి తండ్రి నుండి. అవి ఒకదానిలో ఒకటి లీనం కావు. ఒకటి వ్యక్తమైనప్పుడు రెండవది అవ్యక్తంగా ఉండవచ్చు. బీజకణాలు ఏర్పడే వేళ రెండూ విడిపోయి, ఒక్కొక్క కణానికి ఒక్కటే చేరుతుంది. అవ్యక్తమంటే అభావం కాదని బఠాణీ గింజ సంఖ్యారూపంలో నిరూపించింది.

1865 ఫిబ్రవరి 8న, మార్చి 8న బ్రనో ప్రకృతిశాస్త్ర పరిషత్తులో మెండెల్ ఈ ఫలితాలను నివేదించాడు. మరుసటి ఏడు అవి ముద్రితమయ్యాయి. మ్యూనిక్ నగరంలోని ప్రఖ్యాత వృక్షశాస్త్రవేత్త నేగెలీకి ఆయన సవినయంగా లేఖలు రాశాడు. నేగెలీ దృష్టి హాకువీడ్ అనే మొక్కపై ఉండేది. మెండెల్ దానిపైనా ఏళ్ల తరబడి శ్రమించాడు. కాని నియమం అక్కడ కనిపించలేదు. ఆ మొక్క ఫలదీకరణం లేకుండానే విత్తనాలను ఇవ్వగలదనే విషయం ఆనాడు ఎవరికీ తెలియదు. 1868లో ఆయన మఠాధిపతి అయ్యాడు. శేషజీవితంలో చాలా భాగం మఠం ఆస్తులపై ప్రభుత్వం విధించిన పన్నుతో పోరాడటంలో గడిచింది. 1884 జనవరి 6న ఆయన దేహం చాలించేనాటికి ఆయన శ్రమకు లోకంలో గుర్తింపు లేదు. 1900లో హాలండ్‌కు చెందిన డి వ్రీస్, జర్మనీకి చెందిన కోరెన్స్, ఆస్ట్రియాకు చెందిన షెర్మాక్ తమ తమ ప్రయోగాల సందర్భంగా ఆయన నియమాన్ని లోకానికి మళ్లీ చూపారు. కర్మ చేసినవాడు ఫలాన్ని చూడలేదు. అయినా కర్మ వ్యర్థం కాలేదు.

1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త యొహాన్‌సెన్ ఆ కారకానికి జీన్ అని పేరు పెట్టాడు. తెలుగులో అది జన్యువు. అంతకంటె విలువైనది ఆయన చేసిన విభజన. జీవి ధరించిన జన్యువుల కూర్పు జన్యురూపం. కంటికి కనిపించేది దృశ్యరూపం. ఒకే శుద్ధవంశానికి చెందిన చిక్కుడు గింజలలో పెద్దవాటిని, చిన్నవాటిని వేరుగా నాటినా, వాటి సంతతి గింజల సగటు పరిమాణం ఒకటే అయిందని ఆయన కనుగొన్నాడు. గింజ పెద్దది కావడానికీ చిన్నది కావడానికీ అక్కడ నేల, నీరు, పోషణ కారణాలు, బీజం కాదు. దేహంలో కనిపించేదంతా బీజగతం కాదనే ఆత్రేయుని వివేకం ఇక్కడ ప్రయోగంతో స్థిరపడింది.

ఈ వివేకాన్ని విస్మరించినప్పుడు కలిగిన అనర్థం చరిత్రలో రక్తాక్షరాలతో ఉంది. మెండెల్ నియమాన్ని అరకొరగా గ్రహించిన కొందరు దారిద్ర్యాన్ని, మద్యపానాన్ని, మందబుద్ధిని కూడా గింజ ముడుత వంటి ఏకకారక లక్షణాలుగా ప్రచారం చేశారు. అట్టివారికి సంతానం కలగకుండా చేస్తే సమాజం శుద్ధమవుతుందని వాదించారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టు నిర్బంధ వంధ్యీకరణను ఎనిమిది మంది సమ్మతితో, ఒక్కరి అసమ్మతితో ఆమోదించింది. ఆ దేశంలో 60,000 మందికి పైగా ఈ శస్త్రచికిత్సకు గురయ్యారు. జర్మనీలో 1933 నాటి చట్టం కింద సుమారు 4 లక్షల మంది దీనికి బలయ్యారు. దాని తరువాత జరిగినది మరింత ఘోరం.

ఈ వాదం కరుణకు మాత్రమే కాదు, గణితానికి కూడా విరుద్ధం. 1908లోనే ఆంగ్ల గణితవేత్త హార్డీ జనసమూహంలో కారకాల నిష్పత్తిని లెక్కించే సూత్రాన్ని ప్రకటించాడు. ఒక అంతర్గత లక్షణం 10,000 మందిలో ఒక్కరిలో వ్యక్తమవుతుందనుకుంటే, ఆ సూత్రం ప్రకారం దాని కారకాన్ని నిగూఢంగా ధరించినవారు సుమారు 50 మందిలో ఒకరు ఉంటారు. ఆ కారకపు ప్రతులలో నూటికి తొంభైతొమ్మిది ఆరోగ్యవంతులుగా కనిపించేవారిలోనే ఉంటాయి. వ్యక్తమైన ఒక్కరిని దండించి బీజాన్ని శుద్ధి చేయబోవడం, అలను కొట్టి సముద్రాన్ని ఎండగట్టబోవడం వంటిది. పైగా తాను నిర్దోషినని బీజం విషయంలో చెప్పుకోగలవాడు ఎవడూ లేడు.

ఇక కారకం ఎలా మారుతుంది అనే ప్రశ్న మిగిలింది. దానిలో ఒక ముఖ్యభాగాన్ని దర్శించినది అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో మొక్కజొన్నను సాకిన బార్బరా మెక్లింటాక్. గింజలపై చుక్కలు ఎందుకు ఏర్పడుతున్నాయని ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలో పరిశీలించి, క్రోమోజోములలోని కొన్ని ఖండాలు ఒక చోటి నుండి మరొక చోటికి తరలుతున్నాయని 1940వ దశకంలో ఆమె గ్రహించింది. అట్టి ఖండం రంగునిచ్చే జన్యువులో ప్రవేశిస్తే గింజ వర్ణహీనమవుతుంది. గింజ ఎదుగుతుండగా కొన్ని కణాలలో అది తొలగిపోతే అక్కడక్కడ రంగు చుక్కలు పుడతాయి. 1951లో ఆమె ఈ విషయాన్ని విద్వత్సభలో చెప్పినప్పుడు శ్రోతలలో చాలామందికి అది అంతుపట్టలేదు. కొంతకాలానికి ఆమె ఆ ఫలితాలను విస్తృతంగా ప్రకటించడం మానివేసింది గాని పరిశోధన మానలేదు. 1983లో, 81వ ఏట, నోబెల్ పురస్కారం ఆమెను వరించింది.

ఈ రెండు తపస్సులూ 1990లో ఒకే గింజలో కలిశాయి. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో భట్టాచార్య, ఆలిసన్ స్మిత్, కాథీ మార్టిన్ ప్రభృతులు బఠాణీ ముడుతకు మూలమైన జన్యువును గుర్తించారు. అది పిండిపదార్థపు అణువులకు శాఖలను కల్పించే ఒక ఎంజైమును నిర్మించే జన్యువు. ముడుతల రకంలో దాని మధ్య దాదాపు 800 అక్షరాల పొడవుగల అదనపు డీఎన్‌ఏ ఖండం వచ్చి చేరింది. ఆ ఖండం మెక్లింటాక్ మొక్కజొన్నలో చూసిన సంచారి ఖండాల కుటుంబాన్ని పోలినది. జన్యువు భగ్నం కావడంతో గింజలో పిండి తగ్గి చక్కెర నిలిచిపోతుంది. చక్కెర నీటిని అధికంగా ఆకర్షిస్తుంది. గింజ ఉబ్బి, పండి ఎండినప్పుడు ఆ నీరు పోయి పొట్టు ముడుతలు పడుతుంది. రెండు ప్రతులలో ఒక్కటి సవ్యంగా ఉన్నా గింజ గుండ్రంగా ఉండటానికి సరిపడే ఎంజైము లభిస్తుంది. మెండెల్ చూసిన మొదటి తరంలో ముడుత మరుగుపడటానికి కారణం ఇదే.

అనువంశికత, అభివ్యక్తి, పరివర్తన అనే మూడు రహస్యాలూ ఆ ఒక్క గింజలోనే ఉన్నాయి. ఇక్కడ జిజ్ఞాసువులు గమనించవలసిన అంశం మరొకటి ఉంది. భగ్నమైన జన్యువు, లోపించిన ఎంజైము, ముడుతపడిన చర్మం అనే మాటలన్నీ దోషాన్నే సూచిస్తున్నాయి. కాని ఆ గింజలో నిలిచిపోయినది చక్కెర. పచ్చి బఠాణీగా వంటింటికి చేరే తియ్యని రకాలలో అధికభాగం ఈ ముడుతల వంశానికి చెందినవే. గుండ్రని గింజను ఆదర్శంగా, ముడుతల గింజను వికృతిగా నిర్ణయించి, రెండవదానిని పొలం నుండి ఏరిపారేసిన రైతు ఒకడు ఉండి ఉంటే, అతడు పారవేసినది మాధుర్యాన్నే.