విల్లు పక్కన గడ్డలు తవ్వే కర్ర

ఆదివాసీల చరిత్ర చెప్పమంటే మనం విల్లంబులతో మొదలుపెట్టి గొడ్డలి దగ్గర ఆపేస్తాం. రెండూ ఎక్కువగా మగవాళ్ల చేతిలో ఉన్నవే. ఇంట్లోనూ ఇంటి చుట్టూ ఆడవాళ్లు పట్టిన పనిముట్లను మాత్రం "వంటింటి సామాను" అని ఒక్కమాటలో తేల్చేస్తాం. రోజూ కడుపు నింపిన పనిముట్టు ఏదని అడిగితే ఈ లెక్క తారుమారవుతుంది.

నల్లమల చెంచులనే తీసుకుందాం. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ అప్పటి హైదరాబాదు సంస్థానంలోని చెంచుల మధ్య తిరిగి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. వేట పేరు ఎంత పెద్దదైనా ఆ కుటుంబాలు ఎక్కువ రోజులు బతికింది అడవి దుంపలు, పళ్లు, ఆకుల మీద. దుంపలకు కావలసింది ఇనుప మొన బిగించిన కర్ర. విల్లు మగవాడిది. ఈ కర్ర ఆడా మగా ఇద్దరిదీ.

చూడటానికి ఇంతకంటే సాదా పనిముట్టు ఉండదు. నేర్పంతా వాడకంలో ఉంది. ఎండలకు తీగ ఎండి రాలిపోతే నేలమీద పెద్దగా గుర్తేమీ మిగలదు. తీగ మొదలు ఆనవాలు పట్టాలి. దుంప ఎటు దిగిందో అంచనా కట్టాలి. రాళ్ల మధ్య మొన మొద్దుబారకుండా పక్కనుంచి తవ్వాలి. అలవాటు లేని చెయ్యి రెండింతలు తవ్వి, సగం దుంపను భూమిలోనే తెంపేసి వస్తుంది. తల్లి వెంట అడవికి తిరిగిన పిల్లకు వచ్చినంత నేర్పు ఊళ్లో పెరిగిన పిల్లకు రాదు. పుట్టుకతో ఎవరికీ రాదు.

తవ్వి తెస్తే పని అయిపోదు. కొన్ని దుంపలు చేదు, కొన్ని విషం. పలచగా కోసి, పారే నీటిలో నానబెట్టి, ఆ గుణం పోయాకే వండాలి. గోదావరి కొండల్లో కొండరెడ్లు తిండి కరువు నెలల్లో మామిడి టెంకల లోపలి పప్పును కూడా ఇలాగే నానబెట్టి, పిండి చేసి జావ కాచుకునేవారు. ముక్క మందంగా కోసినా, నీళ్లలో ఒకపూట తక్కువ ఉంచినా ఇంటిల్లిపాదీ మంచాన పడవచ్చు. ఆ కత్తినీ ఆ బుట్టనూ వంటింటి సామాను అని ఎలా అంటాం?

ఇక రోలు, రోకలి. సామలు, కొర్రల పొట్టు గింజను గట్టిగా పట్టుకుని ఉంటుంది. దెబ్బ బలమైతే గింజ నూక అవుతుంది, తేలికైతే పొట్టు వదలదు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లు తగలకుండా మార్చి మార్చి దంచడం చూసినవాళ్లకు ఆ లయ తెలుసు. ఆ తర్వాత చేట. అది బలం పని కాదు, మణికట్టు పని.

అందరికీ అన్నీ వచ్చేవనీ కాదు. లంబాడీ తండాలో అవ్వ సూదితో అద్దాలు, గవ్వలు కుట్టి పేటియా తీర్చిదిద్దుతుంది. ఆమె చేతికి చెంచు అవ్వ కర్ర ఇస్తే తడబడుతుంది. చెంచు అవ్వకు ఆ సూది ఇచ్చినా అంతే. "ఆడవాళ్ల పని" అని ఒక్క మూట కడితే ఈ తేడా కనిపించకుండా పోతుంది.

నాగలి వచ్చాక కథ మారింది. పోడులో పెద్ద చెట్లు మగవాళ్లు నరికినా, విత్తడంలో, కలుపులో, కోతలో ఆడవాళ్ల చేతులే ముందుండేవి. మధ్య భారతంలో చాలా తెగల్లో ఆడమనిషి నాగలి ముట్టకూడదన్న కట్టు ఉంది. పోడు సాగే చోట ఆడవాళ్ల పాలు ఎక్కువనీ, నాగలి సేద్యంలో అది తగ్గిందనీ డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసరప్ 1970లో పుస్తకమే రాసింది. మన కొండల్లో ఈ సంగతి తెలియడానికి పుస్తకం అక్కర్లేదనుకోండి.

తర్వాత పిండిమర వచ్చింది. దంపుడు బాధ తప్పింది, అది చిన్న మేలు కాదు. రోకలి మళ్లీ పట్టమని ఏ ఆడమనిషినీ అడగలేం. కానీ మర దగ్గర స్విచ్ వేసేది, బెల్టు బిగించేది, డబ్బు తీసుకునేది ఎక్కువచోట్ల మగవాడే. ధాన్యం మోసుకెళ్లి వరుసలో నిలబడేది ఆడమనిషి. పాత పనిముట్టు పోయింది, కొత్తది ఆమె చేతికి రాలేదు.

పనిముట్టుతోపాటు మాట కూడా పోతోంది. తెలుగులో చెరగడం వేరు, జల్లించడం వేరు, గాలించడం వేరు. కోయ, గోండి, సవర, కువి భాషల్లో ఈ పనులకు అవ్వలు వాడే మాటలు వేరే ఉన్నాయి. బడికి వెళ్లే మనవరాలిని అడిగితే చేట పేరు చెబుతుంది. ఈ మూడు పనులకు మూడు మాటలు అవ్వ దగ్గరే ఉన్నాయి.