తోలు పట్టీ పని: చేతి కత్తి నుంచి సర్వో మోటారు దాకా మిషన్లలో వచ్చిన మార్పులు

నడుము బెల్టు, చెప్పు పట్టీ, బ్యాగు భుజంపట్టీ, చేతి గడియారం పట్టీ, గుర్రం పగ్గం. చూడటానికి ఇవన్నీ వేరువేరు వస్తువులు. పనిచేసేవాడికి మాత్రం అన్నీ ఒకటే: మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు, ఒకే మందం ఉండాల్సిన పొడవాటి తోలు ముక్క. తోలు పట్టీల మిషన్లలో రెండు వందల ఏళ్లుగా వచ్చిన మార్పులన్నీ ఈ సమానత్వం కోసమే వచ్చాయి. వేగం ఆ తర్వాతి మాట. బందరు, గుడివాడ, అవనిగడ్డ లాంటి ఊళ్లలో చిన్న దుకాణం నడిపే కుటుంబం ఏ మిషను ముందు కొనాలి, ఏది తర్వాత కొన్నా ఫరవాలేదు అనేది తేల్చుకోవాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి.

మన ప్రాంతంలో పట్టీల వాడకం

ఆటోలు రాకముందు డెల్టా ఊళ్లలో సవారీ అంటే జట్కా. జట్కా తోలేవాళ్లలో మనవాళ్లు చాలామంది. జీను, కళ్లెం, పగ్గాలు, కళ్లగంతలు అన్నీ తోలు పట్టీలే. అవి తెగితే దారిలో ప్రమాదమే కాబట్టి వాటి కుట్టు చాలా గట్టిగా ఉండాలి. రెండో పెద్ద వాడకం రైసు మిల్లుల్లో ఉండేది. పాత మిల్లుల్లో ఒకే ఇంజను, పైన ఒక పొడవాటి షాఫ్టు, దాని మీది చక్రాల నుంచి ఒక్కో యంత్రానికి వెడల్పాటి బెల్టు. మొదట్లో ఈ బెల్టులు తోలువి. తర్వాత రబ్బరు పూసిన గుడ్డ బెల్టులు, వీ-బెల్టులు వచ్చాయి. ఆ తర్వాత ఒక్కో యంత్రానికి ఒక్కో కరెంటు మోటారు పెట్టారు. జట్కా పోయింది, మిల్లు బెల్టు పోయింది. ఇక మిగిలినవి చెప్పులు, నడుము బెల్టులు, బ్యాగులు, వాటి రిపేర్లు.

ముందు తోలు సంగతి

ఏ మిషను పెట్టినా తోలు ఎంపికలో జరిగిన తప్పును దిద్దలేదు. పట్టీకి వీపు భాగం తోలు మంచిది. వెన్నెముక వెంట నిలువుగా కోస్తే తక్కువ సాగుతుంది. పొట్ట భాగం తోలు వదులుగా ఉంటుంది, కొద్ది నెలల్లోనే సాగి వంకర తిరుగుతుంది. బరువు మోసే పట్టీలకు గేదె తోలు వాడతారు. దక్షిణ భారతంలో తంగేడు చెక్క, కరక్కాయలతో తోలు ఊనడం పాత పద్ధతి. అలా చెట్ల సరుకుతో ఊనిన తోలు బిగువుగా ఉంటుంది, అంచులు బాగా నునుపు దేలతాయి. క్రోమ్‌తో ఊనిన తోలు మెత్తగా ఉంటుంది, నీటికి బాగా తట్టుకుంటుంది. బక్రీద్‌కు మన ఇళ్ల నుంచి వెళ్లే ఖాల్ ఉప్పు పట్టించి పంపే పచ్చి సరుకు. అది టానరీకి వెళ్లి వచ్చాకే పట్టీకి పనికొస్తుంది.

కోత

అన్నిటికంటే పాత పద్ధతి స్కేలు, చేతి కత్తి. చెయ్యి కొంచెం కదిలినా వెడల్పు మారిపోతుంది. దీనికి మొదటి మెరుగుదల గేజి కత్తి. కత్తి పక్కన జరుపుకునే ఒక అడ్డుపట్టీ ఉంటుంది. కావలసిన వెడల్పుకు బిగించి తోలు అంచు వెంట లాగితే చాలు. దీనికి కరెంటు అక్కర్లేదు, ఖర్చూ తక్కువే. రెండో మెరుగుదల పట్టీ కోత మిషను. ఇందులో ఇరుసు మీద గుండ్రటి కత్తులు వరసగా ఉంటాయి. వాటి మధ్య పెట్టే వాషర్ల మందాన్ని బట్టి పట్టీ వెడల్పు మారుతుంది. తోలును ఒకసారి లోపలికి పంపితే ఒకేసారి అనేక పట్టీలు బయటికి వస్తాయి. రోజుకు పదో ఇరవయ్యో బెల్టులు చేసే దుకాణానికి గేజి కత్తి సరిపోతుంది.

మందం, అంచు

తోలు సహజంగా ఒక్కోచోట ఒక్కో మందం ఉంటుంది. దాన్ని సమం చేసేది స్ప్లిటింగ్ మిషను. చిన్నదానిలో కదలని కత్తి ఒకటి, కింద రోలరు ఒకటి ఉంటాయి. హ్యాండిల్ తిప్పుతుంటే రోలరు పట్టీని కత్తి మీదుగా లాగుతుంది, అదనపు మందం పొరలా విడిపోతుంది. టానరీల్లోని పెద్ద మిషన్లలో కత్తి రంపపు బ్యాండులా చివర లేకుండా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పక్కనే ఉన్న సాన రాళ్లు నడుస్తుండగానే పదును పెడతాయి.

అంచు పలచన చేయడాన్ని స్కైవింగ్ అంటారు. బెల్టు బకిల్ దగ్గర మడత పడేచోట, రెండు ముక్కలు అతికేచోట ఇది తప్పనిసరి. లేకపోతే అతుకు గుట్టలా లేస్తుంది. చేతి కత్తితో ఇది చేయడానికి ఏళ్ల అనుభవం కావాలి. స్కైవింగ్ మిషనులో గంట ఆకారపు కత్తి తిరుగుతుంది. కింద ఉండే రాతి చక్రం తోలును లోపలికి లాగుతుంది. పైన ఉండే పాదం కోణాన్ని మారిస్తే ఎంత వెడల్పు, ఎంత పలచన కావాలో మారుతుంది. పదును పెట్టే రాయి కూడా మిషనులోనే ఉంటుంది. చేతిపనిలో ఎక్కువ తోలు పాడయ్యేది ఇక్కడే కాబట్టి ఈ మిషను వల్ల మిగిలే సరుకు కూడా లాభంలో భాగమే.

కుట్టు

ఆరెతో చిల్లు పొడిచి, మైనం పట్టించిన దారంతో రెండు సూదులతో కుట్టే చేతి కుట్టు ఇప్పటికీ అన్నిటికంటే గట్టిది. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు ఊడదు. 1846లో ఎలియాస్ హోవ్ అమెరికాలో లాక్‌స్టిచ్ మిషనుకు పేటెంటు తీసుకున్నాడు. 1858లో లైమన్ బ్లేక్ చెప్పు అడుగు కుట్టే మిషనుకు పేటెంటు పొందాడు. తోలు పని మిషను మీదికి మళ్లడం అప్పుడే మొదలైంది.

బట్టలు కుట్టే మామూలు మిషనులో కింది పళ్లు మాత్రమే గుడ్డను జరుపుతాయి. మందపు తోలు మీద ఇది కుదరదు. కింది పొర కదులుతుంది, పై పొర వెనకబడుతుంది, కుట్లు పొట్టీ పొడుగూ అవుతాయి. దీనికి పరిష్కారం కాంపౌండ్ ఫీడ్. సూది, పై పాదం, కింది పళ్లు మూడూ కలిసి తోలును జరుపుతాయి. పట్టీల పనికి ఇంతకంటే పెద్ద మెరుగుదల లేదు. రిపేరు దుకాణాల్లో కనిపించే సన్నటి చేతి గల ప్యాచింగ్ మిషను వేరు. దాని పాదం ఎటు కావాలంటే అటు తిరుగుతుంది కాబట్టి చెప్పు లోపల, బ్యాగు మూలల్లో కుట్టవచ్చు. కానీ పొడవాటి బెల్టు కుట్టడానికి అది నెమ్మది.

మోటారు

పాత క్లచ్ మోటారు స్విచ్చి వేసినప్పటి నుంచి తిరుగుతూనే ఉంటుంది. కుట్టనప్పుడు కూడా కరెంటు లాగుతుంది, మోత చేస్తుంది. సర్వో మోటారు పెడల్ తొక్కినప్పుడే తిరుగుతుంది. గరిష్ఠ వేగం తగ్గించి పెట్టుకోవచ్చు. కొత్తగా నేర్చుకునే పిల్లలకు, ఇంట్లో కుట్టే ఆడవాళ్లకు ఇది భయం లేని మోటారు. పాత మిషను బాగుంటే మోటారు ఒక్కటే మార్పించుకోవచ్చు.

వేళ్లు జాగ్రత్త

అచ్చుతో ముక్కలు, బకిల్ చిల్లులు కొట్టే ప్రెస్సుల్లో ముఖ్యమైన మార్పు రెండు బటన్లు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే ప్రెస్సు దిగుతుంది, కాబట్టి చెయ్యి కింద ఉండే వీల్లేదు. సెకండ్‌హ్యాండ్ ప్రెస్సు కొనేటప్పుడు ఒక బటన్‌ను కట్టేసి ఉంచారేమో చూడాలి. అలా ఉంటే ఎంత చవకైనా వద్దు. గమ్ము పని కిటికీ తెరిచి ఉన్నచోటే చేయాలి.

సముద్రపు గాలి

బందరు, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి సూదులు, కత్తులు తొందరగా తుప్పు పడతాయి. పని ముగిశాక తుడిచి నూనె పూయాలి, మిషనుకు గుడ్డ కప్పాలి. తోలును నేల మీద పెట్టొద్దు, వానాకాలం బూజు పడుతుంది. తుఫాను, వరద హెచ్చరిక వస్తే ముందుగా మోటారు విప్పి ఎత్తులో పెట్టాలి. మిషను తడిసినా మళ్లీ బాగుచేయించవచ్చు, తడిసిన మోటారుకు మాత్రం ఖర్చు ఎక్కువ.

లెక్క ఇలా వేసుకోండి

ఉదాహరణకు మిషను ధర 36,000 రూపాయలు అనుకుందాం. దాని వల్ల ఒక్కో బెల్టుకు కూలీ, వృథా కలిపి 20 రూపాయలు మిగులుతుందనుకుందాం. 1,800 బెల్టులు చేస్తే పెట్టుబడి తిరిగొస్తుంది. నెలకు 100 బెల్టులు అమ్ముడుపోతే ఏడాదిన్నర పడుతుంది. 30 మాత్రమే పోతే ఐదేళ్లు. అందుకే మిషను ధర కంటే ముందు నెలకు ఎన్ని అమ్ముతున్నామో రాసుకోవాలి.

ప్రభుత్వ సాయం

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో చెప్పులు, పాదరక్షల పని కూడా ఉంది. 18 ఏళ్లు నిండినవాళ్లు, కుటుంబానికి ఒకరు, కామన్ సర్వీస్ సెంటరులో నమోదు చేసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు వర్తించదు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తారు. ఆ తర్వాత మొదట లక్ష, రెండో విడత రెండు లక్షల వరకు పూచీకత్తు లేని రుణం ఉంటుంది, దానికి 5 శాతం వడ్డీ.

సూద్‌కు దూరంగా ఉండాలనుకునేవాళ్లు ఇక్కడ ఒక విషయం గమనించాలి. శిక్షణ, వోచర్ తీసుకున్నంత మాత్రాన రుణం తీసుకోవాల్సిన పని లేదు. ఆ వోచర్ విలువలో గేజి కత్తి, పంచ్‌లు, ఆరెలు లాంటి చేతి పనిముట్లు అమర్చుకోవచ్చు. వాటితో వచ్చిన రాబడిలో కొంత పక్కనపెట్టి ముందు కాంపౌండ్ ఫీడ్ కుట్టు మిషను, తర్వాత స్కైవింగ్ మిషను కొనుక్కోవడం చిన్న దుకాణానికి సరైన వరస. కోత మిషను, ప్రెస్సు ఆర్డర్లు పెరిగాక చూసుకోవచ్చు. పనిని లోతుగా నేర్చుకోవాలనే పిల్లలకు చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ, హైదరాబాద్‌లోని ఎఫ్‌డీడీఐ క్యాంపస్ ఉన్నాయి. దుకాణంలో నాన్న చేతుల్లో ఉన్న పనికి అక్కడి చదువు తోడైతే, ఆ పిల్లలు కొత్త మిషను నడపడంతో ఆగరు, అది చెడితే బాగుచేసుకోగలరు కూడా.